నల్లా చౌక్‌లో నలభయ్యొక్క ముడులు

పోయినవారం ఓదెమ్మను నల్లా చౌక్ నట్టనడుమ, కొత్తగా తెచ్చి నిలబెట్టిన నల్లరాయి ముందు వదిలిపెట్టాం. చంకలో, చచ్చిపోయిన మొగుడి ఇనుప సందుకలో దొరికిన కోరా బట్ట. పక్కన డిగ్రీ చదివే మనవరాలు సాక్షి. రాయి చెక్కే పర్శరాములు అప్పటికి పై వరుసలో తేదీ ఒక్కటే చెక్కాడు. దాని కింద ఉన్నదంతా ఇంకా సుద్దగీతలే. 'బుచ్చిరాములు సేఠ్ చౌక్. ఎనభయ్యొకటో సంవత్సరంలో ఈ చౌరస్తాకు నీళ్ళు తెచ్చిన పుణ్యాత్ముడు.' సాయంత్రం అయిదింటికి పెద్దమనుషులు వచ్చి ముసుగు తీస్తారు. సాక్షి ఆ గీతల్ని చదివి వినిపించగానే ముసలావిడ "గీ రాయి అబద్ధమాడుతున్నది" అంది. అక్కడ ఆగాం మనం.

ఆమె ఆగలేదు. సుద్దగీతే కదా అని కొంగు తీసి 'బుచ్చిరాములు' అన్న పేరును తుడిచేసింది. ఒక్కసారి కాదు, గిన్నె తోమినట్టు మూడుసార్లు తుడిచింది. పర్శరాములు ఉలి పక్కన పెట్టి అడ్డు వచ్చాడు.

"అవ్వా, గది సేఠ్ పేరు!" అన్నాడు.

"నాకు చదువు రాదు గని, మా సాక్షి చెప్పింది ఎవల పేరో. అందుకే తుడిచిన," అంది ఓదెమ్మ.

నల్లా చౌక్ తెలిసినవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి, తెలియనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పక తప్పదు. మరాఠీ గడ్డ మీది భీవండిలో ధామన్కర్ నాకా దాటి టెంఘర్ వైపు పోతుంటే, సాంచాల చప్పుడులో పక్కమనిషి మాట కూడా వినబడని చోట అయిదు గల్లీలు వచ్చి కలుస్తాయి. అక్కడ పవర్‌లూమ్ మగ్గాన్ని సాంచా అంటారు. ఆ అయిదు గల్లీల నడుమ రాతి గద్దె, గద్దె మీద నాలుగు మూతుల ఇనుప నల్లా. ఏళ్ళ తరబడి బిందెలు పెట్టి పెట్టి ఆ రాళ్ళలో గుంటలు పడ్డాయి. ఒక మూల ఇనుప స్తంభం, దాని మీద పాళీ, అంటే షిఫ్టు, మారేటప్పుడు కూసే సైరన్ భోంగా. అది మూగపోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు అందులో పావురాలు కాపురముంటున్నాయి. ఇంకో మూల ఓంప్రకాష్ చాయ్ హోటల్, దాని గోడకు కరీంనగర్, జగిత్యాల బస్సుల బోర్డు. ఒకప్పుడు ఊళ్ళ నుంచి వచ్చే కార్డుల మీద 'నల్లా చౌక్, భీవండి' అని రాస్తే చాలు, పోస్టుమన్ తెచ్చి ఆ హోటల్ గల్లాపెట్టె మీద పడేసి పోయేవాడు. కొత్తగా పనికోసం వచ్చినవాడు మొదట మూట దింపేది ఇక్కడే. పెళ్ళి మాటలు మొదలయ్యేదీ, తగవులు తేలేదీ ఇక్కడే. బతుకమ్మను సాగనంపడానికి దగ్గర్లో నీళ్ళు లేవు కాబట్టి ఈ నల్లా కిందే పెద్ద డ్రమ్ము నింపి అందులోనే సాగనంపుతారు. చౌక్ పేరు చెబితే కరీంనగర్ పల్లెల్లో ముసలివాళ్ళు కూడా "ఆఁ, గాడ మా తమ్ముడుండె" అంటారు. అంత పేరున్న చోటు.

ఇప్పుడు దానికొక సుందరీకరణ సమితి పుట్టింది. నల్లాకు వెండిరంగు పూశారు. రంగు పాడవుతుందని నీళ్ళ పైపు మాత్రం ఊడపీకేశారు! గద్దె చుట్టూ రంగురంగుల దీపాలు, ఫోటోలు దిగడానికి గుండె ఆకారంలో ఒక ఇనుప చట్రం. ముక్కు కోసేసి ముక్కుపుడక పెట్టిన సింగారం ఇది.

ఆ సమితికి అధ్యక్షుడు భూషణ్, బుచ్చిరాములు సేఠ్ కొడుకు. నలభై అయిదేళ్ళ వాడు. చెడ్డవాడని అనలేం. పండుగకు పనివాళ్ళకు మిఠాయి పంచుతాడు, తండ్రి అంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే వచ్చింది ఇబ్బందంతా. పర్శరాములు ఫోన్ చేసిన పది నిమిషాలకు స్కూటర్ మీద వచ్చి దిగాడు. తుడిచిన రాయిని చూశాడు, సుద్ద అంటిన కొంగును చూశాడు.

"ఏంది ఓదెమ్మవ్వా గిది? నీకు నేనేం తక్కువ జేసిన? మొన్న నీకు కండ్ల ఆపరేషనైతే హాస్పిటల్‌కు నా కార్ పంపలేదా?"

"పంపినవ్ బిడ్డా. ఆ కండ్లు మంచిగైనయ్. అందుకే అబద్ధం కనబడుతున్నది."

చాయ్ తాగుతున్నవాళ్ళు నవ్వారు. చౌక్‌లో నలుగురు నవ్వితే నలభై మంది చేరడానికి ఎంతసేపు? దిన్ పాళీ వాళ్ళు కార్ఖానా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. భూషణ్ చెవులు ఎర్రబడ్డాయి.

"మా బాపు నీళ్ళు తెచ్చింది అబద్ధమా? చౌక్ అంతా ఎరుకే!"

"చౌక్ నీ ముంగట ఒకటంటది, ఎన్క ఒకటంటది. నీ బాపు గప్పుడు మాలిక్ కాడ ముకాదం. మా పని మీద పెత్తనం జేసెటోడు. నీళ్ళు తెచ్చింది వెంకవ్వ. ఆమె ఎన్క మేం నలభై మందిమి, దారం కండెలు చుట్టే ఆడోళ్ళం. గా రాయి మీద వెంకవ్వ పేరుండాలె. లేకుంటే రాయే ఉండొద్దు."

"ఏ వెంకవ్వ? కాగితమున్నదా? ఫోటో ఉన్నదా? ఊకె నోటికొచ్చింది రాయమంటే రాస్తరా?"

"కాగితం కాదు భూషణ్ మామా, బట్ట ఉంది," అని సాక్షి ముందుకొచ్చింది. "బాపమ్మా, దాఖవ్ నా. చూపియ్యి వీళ్ళకు."

ఓదెమ్మ చంకలోని బట్టను తీసి రాయి మీదే పరిచింది. గజం పొడవు కోరా బట్ట, అంచులు పసుపుబారి ఉన్నాయి. దాని మీద అక్షరం ముక్క లేదు. బండిచక్రంలా గుండ్రంగా, చుట్టూతా రంగుపోగుల ముడులు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. కొన్ని రెండు చుట్లు, కొన్ని మూడు, కొన్ని రెండు రంగులు కలిపి మెలేసినవి.

భూషణ్ వంగి చూసి, "గివేంది? చిన్నపిల్లల ఆట లెక్కున్నది," అన్నాడు.

పాపం, అతనికి తెలియదు. సాంచాల యజమాని కొడుకుగా పెరిగాడు కాని కండెల బుట్ట ఏనాడూ మోయలేదు. ఆ రోజుల్లో కండెలు చుట్టే ఆడవాళ్ళలో ఒక్కరికీ సంతకం రాదు. ఎవరి బుట్ట ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కరు తమ చీరంచు నుంచి ఒక పోగు లాగి, తమదైన తీరులో బుట్టకు ముడి వేసుకునేవాళ్ళు. కండెలో దారం తెగితే సాంచా నడిపేవాడు ఆ ముడి చూసి, ఫలానామె చుట్టింది అని తిట్టేవాడు. తిట్టు తినడానికి పుట్టిన గుర్తు అది. కాని మనిషికి ఒక్కటే గుర్తుంటే అదే ఆమె పేరు.

"ఆట గాదు బిడ్డా," అని ఓదెమ్మ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. "ఎర్రపోగు రెండు చుట్లు, గిది కొలనూరు రాజవ్వ. పసుపు మీద నలుపు, లస్మక్క. నీలం మూడు చుట్లు..." తల ఎత్తి హోటల్ వైపు చూసింది. "ఓంప్రకాష్, గిది మీ అమ్మ."

ఓంప్రకాష్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. యాభై ఏళ్ళ మనిషి, జనాన్ని తప్పించుకుంటూ వచ్చి ఆ నీలం ముడిని చూపుడువేలితో ముట్టుకున్నాడు. తల్లి ఫోటో ఒక్కటి కూడా లేని ఇల్లు అతనిది. అతని వెనకే ఇంకొకతను వచ్చి, "అవ్వా, మా నాయనమ్మది చూడు, మల్లవ్వ," అన్నాడు. గులాబీ రంగు పోగును ఓదెమ్మ చూపించింది. చౌక్‌లో నవ్వులు ఆగిపోయాయి.

"ఎనభయ్యొకటి ఎండకాలం," అంది ఓదెమ్మ. గొంతు పెంచాల్సిన పని లేకపోయింది. "గీ చౌక్‌ల సుక్క నీళ్ళు లేకుండె. మాలిక్ కాంపౌండ్‌ల నల్లా ఉండె గని అది సాంచాలకు, పోగుకు గంజి వెట్టే సైజింగుకు. మాకు గాదు. మేం బిందెలు పట్టుకొని మైలు దూరం బావికి పోయెటోళ్ళం. నాకు పందొమ్మిదేండ్లు, కడుపుల గీ సాక్షి బాపు నర్సింగ్, అయిదోనెల. నడవలేక ఒక్కనాడు మాలిక్ నల్లా కింద బిందె పెట్టిన. వాచ్‌మన్ అచ్చి బిందెను కాలుతోని తన్నిండు. వెంకవ్వ చూసింది. చేతిల కండె కింద పెట్టి, రాట్నం ఆపింది. లొల్లి జెయ్యలే, నినాదం జెయ్యలే. అచ్చి గీ చౌక్ నడుమ కూసున్నది. ఎన్క రాజవ్వ కూసున్నది. ఎన్క అందరం."

కండెలు లేకపోతే సాంచాలు ఎంతసేపు నడుస్తాయి? షటిల్‌లో ఉన్న దారం అయిపోయేదాకా. అరగంటలో మాలిక్ కార్ఖానా మూగపోయింది. మగవాళ్ళు ఆపకుండానే, ఎవరూ చెయ్యెత్తకుండానే నూటా ఇరవై సాంచాలు ఆగిపోయాయి.

"మాలిక్ అన్నడు, 'ఎవలు అడుగుతున్నరో పేర్లు రాసియ్యున్రి' అని. పేర్లిస్తే తెల్లారి పనిలకెళ్ళి తీసేస్తడు. ఇయ్యకుంటే అడిగినట్టే గాదంటడు. గప్పుడు వెంకవ్వ గీ బట్ట తెప్పించింది. నలభయ్యొక్క మందిమి మా ముడులేసి మాలిక్‌కు పంపినం. గుండ్రంగ ఎందుకేసినమో ఎరుకేనా? ముందు ఎవలు, ఎన్క ఎవలు తెల్వొద్దని. అందరిని తీసేస్తే వాని కార్ఖానా నడవది. ముందు కూసున్నదాన్ని ఒక్కదాన్ని తీసేస్తే మిగిలినోళ్ళు బెదురుతరు. వానికి ఆ ఒక్క పేరు గావాలె."

"బఘా, సూడున్రి, ఎంత హుషార్ అవ్వలో!" అని సాక్షి ఎవరికో చెప్పబోయి, బాపమ్మ ముఖం చూసి ఊరుకుంది.

"మూడోనాడు నల్లా అచ్చింది. నాలుగోనాడు పొద్దుగాల వెంకవ్వ సందుక రోడ్డు మీద పడ్డది. గీడ ఏ కార్ఖానల గూడ ఆమెకు పని దొరకలే. ఎటో పోయింది. ఎన్కకు ఊర్లె చచ్చిపోయిందన్నరు. గీ ఆకుపచ్చ ముడి ఆమెది." ఓదెమ్మ వేలు అక్కడ ఆగింది. "ఎవలు జెప్పిన్రు ఆమె పేరు? గీ ముడులు చదవచ్చినోళ్ళు రెండు తీర్ల మనుషులు. సాంచా నడిపే మా మొగోళ్ళు, మా మీది ముకాదం. మా మొగోళ్ళు తమ ఇండ్లు తామే ముంచుకుంటరా? ఇగ మిగిలిందెవలు? రాయి మీద నువ్వు రాయించిన పేరు ఎవలిదో సూస్కో."

భూషణ్ ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఓంప్రకాష్ అడ్డు వచ్చాడు కాని ఓదెమ్మ కదల్లేదు.

"మా బాపును ద్రోహి అంటున్నవా? ముసలిదానివని ఊకుంటున్న!"

"ఊకోకు బిడ్డా. అడుగు. ఇంట్లనే ఉన్నడు గదా? పిలువు. నా ముంగటనే అడుగు. నేను తప్పైతే గీ రాయి మీద నా చేత్తోనే ఆయన పేరు గీస్త."

చౌక్‌లో ఈ మాట ఇన్నేళ్ళుగా గుసగుసగా తిరిగిందే తప్ప ఎవరూ సేఠ్ ముందు అనలేదు. పిల్లి మెడలో గంట కట్టడానికి అందరూ సిద్ధమే, మెడ దాకా చెయ్యి పోదు. ఓదెమ్మ చెయ్యి పోయింది.

బుచ్చిరాములు ఇల్లు పక్కగల్లీలోనే. కొడుకు కబురు పంపితే కర్ర పట్టుకొని నడిచి వచ్చాడు. డెబ్బై అయిదు దాటిన మనిషి, తెల్లటి లాల్చీ, ముఖాన గంధం. జనం దారి ఇచ్చారు. వచ్చి ఓంప్రకాష్ బల్ల మీద కూర్చున్నాడు. రాయి వైపు చూడలేదు. ఆయన కళ్ళు పరిచిన బట్ట మీద పడి, ఇక అక్కడి నుంచి రాలేదు.

"గిది యాడ దొరికింది ఓదెమ్మా?" అన్నాడు.

"నా మొగని సందుకల."

"భూమయ్య సందుకల." ఆయన తల ఊపాడు. "ఉంచుకున్నడా పిచ్చోడు."

"బాపూ, చెప్పు జర," అన్నాడు భూషణ్. "గీమె అంటున్నది నువ్వు మాలిక్‌కు పేరు జెప్పినవట. లేదని చెప్పు. గీడనే, అందరి ముంగట చెప్పు."

"లేదు," అన్నాడు బుచ్చిరాములు. "నేను చెప్పలే. నీళ్ళు గూడ నేను తేలే. గా రాయి మీద నా పేరు వద్దని నీకు పదిసార్లు చెప్పిన. నువ్వు ఇన్నవా? ఓదెమ్మ తుడిచింది, మంచిగ జేసింది."

భూషణ్ ముఖం మాడిపోయింది. సగం గెలిచి సగం ఓడినవాడు ఎటు చూడాలో తెలియక పర్శరాములు వైపు చూశాడు. ఓదెమ్మ మాత్రం వదల్లేదు.

"నువ్వు చెప్పలేదంటే ఎవలు చెప్పిన్రు బుచ్చన్నా? మాలిక్ ఆఫీసుల నువ్వేనాయె ఉన్నది."

"ఉన్న. తలుపు కాడ నిలబడ్డ. మాలిక్ గీ బట్ట నా ముంగట ఏసి చదువుమన్నడు. ఆడోళ్ళ ముడులు నాకు తెల్వదన్న. చెంప మీద ఒక్కటిచ్చిండు. మళ్ళ తెల్వదన్న. గప్పుడు ఇంకొకన్ని పిలిపిచ్చిండు." ఆయన కర్ర మీద రెండు చేతులు ఆనించాడు. "ఓదెమ్మా, ఒక్కటి అడుగుత. మాలిక్ ఆఫీసుల ఉండాల్సిన బట్ట నీ ఇంట్లకు ఎట్లచ్చిందని నువ్వెన్నడన్న అనుకున్నవా?"

ఓదెమ్మ వారం రోజులుగా ఆ బట్టను గుండెకు హత్తుకొని తిరిగింది. మొగుడు ఎక్కడి నుంచో కాపాడి దాచాడనుకుంది, అంత మంచివాడు అనుకుంది. ఆరేళ్ళ కింద పోయిన మనిషి కోసం మొన్న రాత్రి మళ్ళీ ఏడ్చింది కూడా.

"రెండోనాడు మాలిక్ మీ అందరి ఖోలీలకు, ఆయనిచ్చిన అర్రలకు, తాళాలేసిండు. నలభయ్యొక్క తాళాలు. యాదికున్నదా? గా పొద్దూకె ఒక్కటే తాళం ఊడింది. ఎవలది?"

"నాది," అంది ఓదెమ్మ. "కడుపుతో ఉన్నదని జాలిపడి తీసిండన్నరు."

"మాలిక్‌కు జాలా?" ముసలాయన నవ్వలేదు. "భూమయ్యను నిలబెట్టి అడిగిండు. 'నీ పెండ్లాం రోడ్డు మీద కంటదా, ఖోలీల కంటదా, నువ్వే చెప్పు' అన్నడు. భూమయ్య చానసేపు నిలబడ్డడు. ఎన్కకు ఆకుపచ్చ ముడి మీద ఏలు పెట్టిండు. 'వెంకవ్వ, గీమెనే ముందు కూసున్నది' అన్నడు. మాలిక్ బట్టను వాని మొఖాన కొట్టిండు. భూమయ్య గది అంగీల దోపుకొని పోయిండు. పోతపోత నా కాళ్ళు మొక్కిండు, ఓదెమ్మకు చెప్పకన్నా అని."

సాంచాల చప్పుడు అయిదు గల్లీల నుంచీ వస్తూనే ఉంది. ఆ చప్పుడులోనే ఓదెమ్మ నిలబడి ఉంది. ఆమెకు గుర్తొచ్చింది మొగుడి పిరికితనం కాదు, ఆ రాత్రి ఖోలీలో పడుకున్న చాప. మిగతా వాళ్ళంతా చౌక్‌లో నేల మీద పడుకుంటే తాను గోడకు చేరగిలబడి హాయిగా కాళ్ళు చాపింది. దేవుడు చల్లగా చూశాడనుకుంది. ఆ ఖోలీలోనే కొడుకు పుట్టాడు. ఆ ఖోలీలోనే నేటికీ వండుకు తింటోంది.

"నలభై ఏండ్లు నిన్ను తిట్టిన బుచ్చన్నా," అంది చివరికి. "ఎందుకు చెప్పలే?"

"మొదట భూమయ్య కోసం ఊకున్న. ఎన్కకు నేను సేఠ్‌నైన, సేఠ్‌ను ముంగట ఎవలు అడుగుతరు? ఎవలు అడగకుంటే చెప్పుడెందుకని ఊకున్న. నేనూ మంచిగ జెయ్యలే."

భూషణ్ తెలివైనవాడు. జనంలో గుసగుస మొదలవకముందే ఓదెమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. గొంతులో కోపం పోయింది, మర్యాద వచ్చింది.

"అవ్వా, అయ్యింది అయిపోయింది. ఇప్పుడు గీ ముచ్చట లేపితే ఎవలకేం మంచి? గీ బట్ట మడిచి సందుకల పెట్టు. రాయి మీద మా బాపు పేరు గూడ వద్దు, 'కార్మికుల నల్లా చౌక్' అని రాపిస్త. ఎవల పేరూ ఉండది. మీ ఇజ్జత్ మీకుంటది, మా ఇజ్జత్ మాకుంటది. నర్సింగన్న పది మందిల తిరగాలె గదా. సాక్షికి రేపు సంబంధాలు రావాలె గదా."

మంచి బేరమే. అబద్ధం లేదు, నిజమూ లేదు. సాక్షి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాత అంటే ఆ పిల్లకు సైకిల్ మీద బడికి తీసుకుపోయిన మనిషి, జేబులో చాక్లెట్.

"బాపమ్మా, బరోబర్ బోల్తోయ్ తో," అంది చెయ్యి పట్టుకొని. "మామ చెప్పేది బరాబరే ఉంది. తాత పేరు వద్దు. ప్లీజ్. బాపుకు తెలిస్తే ఎట్ల?"

ఓదెమ్మ మనవరాలి చెయ్యి విడిపించుకోలేదు. అలాగే పట్టుకొని రాయి దగ్గరికి నడిచింది.

"సాక్షీ, మీ తాత నా కోసం జేసిండు. నన్ను అడగక జేసిండు. అడిగితే రోడ్డు మీదనే కంట అందును. ఆయన తప్పు ఆయనది. దాన్ని దాచుతే మాత్రం నాది అయితది." భూషణ్ వైపు తిరిగింది. "ఎవల పేరూ ఉండదంటవా బిడ్డా? గది మాలిక్ కూడా అన్నమాటే. ఆమె పేరు గీ చౌక్‌ల ఉండొద్దన్నడు. నలభై ఏండ్లు లేదు. ఇగ చాలు."

జనంలో ఎవరో "అట్లనే అవ్వా!" అన్నారు. ఓంప్రకాష్ తన హోటల్ నుంచి తడిబట్ట తెచ్చి, రాయి మీద మిగిలిన సుద్దనంతా తుడిచేశాడు. భూషణ్ "ఏయ్!" అన్నాడు కాని తండ్రి కర్ర ఎత్తి ఆపాడు.

"పర్శరాములూ, సుద్ద తీసుకో," అంది ఓదెమ్మ. "నేను చెప్తా, నువ్వు గియ్యి. వెంకవ్వ. పెద్దగ రాయి. దాని కింద నలభై మంది పేర్లు, బట్ట చూసి నేను చెప్త. అన్నిటి కింద ఒక్క వరుస వదులు. ఆమె పేరు మాలిక్‌కు చెప్పింది భూమయ్య, ఓదెమ్మ మొగడు అని రాయి."

పర్శరాములు సుద్ద తీసుకున్నాడు, కాని చెయ్యి రాయి దాకా పోలేదు. సాక్షి వెక్కి ఏడుస్తోంది. అయినా బాపమ్మ చెయ్యి వదల్లేదు.

"ఆగు ఓదెమ్మా." బుచ్చిరాములు కర్ర ఊనుకొని లేచాడు. "వెంకవ్వ పేరు రాస్తున్నవ్. ఆమెను అడిగినవా?"

"చచ్చినోళ్ళను ఎట్ల అడుగుత అన్నా?"

"చచ్చిందని ఎవలన్నరు?"

రాయి చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆయన వైపు తిరిగారు.

"గీ దగ్గర్నే కాశేలిల ఉన్నది, గోదాంల ఎన్కబాజు, బిడ్డ ఇంట్ల. పన్నెండేండ్ల కింద నాకు కనబడ్డది. మాలిక్ ఆమెతోని ఒక్కటే మాటన్నడట, 'నువ్వు పోతే నల్లా ఉంచుత, ఉంటే పీకేస్త' అని. మీ అందరి నీళ్ళ కోసం మాట్లాడకుండ పోయింది. నేను పేరు చెప్పలేదని ఆమెకు చెప్పిన. 'నాకు ఎరుకే బుచ్చన్నా' అన్నది."

ఓదెమ్మ ఆయన దగ్గరికి వచ్చింది. "భూమయ్య అని ఎరుకేనా ఆమెకు?"

"భూమయ్య పేరు నేను చెప్పలేకపోయిన. అప్పటికి బతికుండె గదా." ముసలాయన చెప్పక తప్పదన్నట్టు చెప్పేశాడు. "'నలభయ్యొక్క తాళాలల్ల ఎవల తాళం ఊడిందో నేను సూడలేదా?' అన్నది ఓదెమ్మా. 'దాని బిందె తన్నితేనే నేను కూసున్న, అదే నా పేరు జెప్పింది' అన్నది. ఆమె లెక్కల, పేరు జెప్పింది నువ్వే. నలభై నాలుగేండ్ల సంది."

పర్శరాములు చేతిలోని సుద్ద విరిగి రెండు ముక్కలైంది.  ఓదెమ్మ కొంగుతో ముఖం ఒక్కసారి తుడుచుకొంది. సుద్ద ముఖానికి అంటింది, అది కూడా ఆమె చూసుకోలేదు.

"భూషణ్, అయిదింటిలోపు వెంకవ్వను అడిగస్త, గప్పటిదాక రాయి మీద ఎవలు చెయ్యి పెట్టినా ఊకోను. పెడితే అచ్చి గద్దె ఎక్కి కూసుంట, నా మీదికెళ్ళి ముసుగు తీస్కో," అంది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది. "కండ్లు తుడుసుకో. ఆటోను పిలువు."

"కాశేలికా బాపమ్మా? ఆమె నిన్ను చూసి తలుపు మూసేస్తే?"

"మూస్తే బయటనే నిలబడ్త," అంది ఓదెమ్మ, ఆటో ఆగకముందే అందులో కాలు పెడుతూ.